గుద్దుకున్న పాత గెటవే: చాసీ కొలిపించాకే పార్టులు కొనండి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. 2011 మోడల్ మహీంద్రా స్కార్పియో గెటవే పికప్, డబుల్ క్యాబిన్, ఫోర్ బై ఫోర్. మంగళగిరి పక్క కాజ దగ్గర రాత్రిపూట రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు మూలకు ముందు కుడివైపు తగిలింది. కుడి చక్రం వెనక్కి జరిగి ఫుట్‌బోర్డుకు ఆనింది. రేడియేటర్, బానెట్, మడ్‌గార్డు పోయాయి, డ్రైవర్ డోరు సగమే తెరుచుకుంటోంది. ఆటోనగర్‌లో షెడ్డు వాళ్లు బానెట్, హెడ్‌లైట్లు, రంగుతో ఎస్టిమేట్ ఇచ్చి, చివర్లో ‘చాసీ కొంచెం వంగింది, గ్యాస్‌తో వేడి చేసి లాగేస్తాం’ అన్నారు. ఈ బండి మీద డబ్బు పెట్టొచ్చా, పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి, పని సరిగా జరిగిందని ఎలా తెలుస్తుంది అని అడిగారు.

పెట్టొచ్చు, కానీ ఆ ఎస్టిమేట్‌ను తలకిందులు చేయాలి. చివర్లో రాసిన చాసీయే, అంటే బండి అడుగు చట్రమే, మొదటి పని. కొలతలు తేలకముందు బానెట్ కాదు కదా, ఒక్క హెడ్‌లైటు కూడా కొనకండి. వంకర చాసీ మీద కొత్త బానెట్ పెట్టి, సందు కుదరక హింజీ బోల్టుల రంధ్రాలను అరగదీసి, మడ్‌గార్డు కోసి అతికించి రంగు వేసిన బండ్లు రోడ్ల మీద చాలా తిరుగుతున్నాయి. చూడటానికి బాగుంటాయి. టైర్లు మాత్రం ఒకపక్కే అరిగిపోతుంటాయి, గట్టిగా బ్రేకు వేస్తే ఒకవైపు లాగేస్తాయి.

షెడ్డుకు తోలే ముందు ఇన్సూరెన్స్ సంగతి చూసుకోండి. సర్వేయర్ చూసి ఫోటోలు తీసుకునేదాకా ఒక్క నట్టు కూడా విప్పించొద్దు. విప్పాక లోపల కొత్త దెబ్బ కనపడితే మళ్లీ పిలిచి చూపించి రాయించుకోండి. ప్యాకేజీ పాలసీ (సొంత బండి దెబ్బకూ డబ్బిచ్చేది) అయినా పదేళ్లు దాటిన బండికి లోహపు పార్టుల మీద 50 శాతం తరుగు కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, టైర్లకూ 50 శాతమే. అద్దానికి తరుగు లేదు. రంగులో మెటీరియల్ ఖర్చు మీద మాత్రమే 50 శాతం పోతుంది, కాబట్టి బిల్లులో మెటీరియల్, కూలి విడివిడిగా రాయించండి. బండి పసుపు నంబరు ప్లేటుదైతే పాలసీలో ఐఎంటీ 23 అనే అదనపు షరతు ఉందో లేదో చూడండి. అది లేకపోతే బంపరు, మడ్‌గార్డు, బానెట్ పక్క భాగాలు, హెడ్‌లైట్లు, రంగు క్లెయిములో రావు. మీ దెబ్బంతా అక్కడే తగిలింది. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కగడతారు. బండి ఉంచుకోవాలనుకుంటే ఆ మాట సర్వేయర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఇక కొలత. చాసీ కొలిచే కంప్యూటర్ బెంచి ఉన్న చోటికి తీసుకెళ్లగలిగితే మంచిదే. లేకపోయినా తాపీ మేస్త్రి తూకం గుండు, సుద్దముక్క, స్టీలు టేపు, సన్నటి దారం, నీళ్ల లెవెల్ పైపు ఉంటే నిచ్చెనలా ఉండే లాడర్ చాసీ తన వంకర తానే చెబుతుంది. గట్టి సిమెంటు నేల మీద చక్రాలు తీసేసి, చాసీ పట్టీల (కుడి ఎడమల పొడవునా ఉండే ఇనుప దూలాల) కింద నాలుగు స్టాండ్లు పెట్టాలి. జాకీ మీద వదిలేసి కొలవకూడదు. చాసీని డీజిల్‌తో కడిగి బ్రష్షుతో రుద్దాలి. తర్వాత ముందు నుంచి వెనక దాకా కనీసం ఐదు జతల గుర్తులు ఎంచుకోవాలి. ముందు బంపరు బ్రాకెట్ రంధ్రం, క్యాబిన్ మౌంటు బోల్టులు, వెనక కమాను కట్ట ముందు పిన్ను, కట్ట వెనక కొసను పట్టే షాకిల్ పిన్ను, ఇలా కంపెనీ వేసిన రంధ్రాలే గుర్తులు. పట్టీ అంచును గుర్తుగా తీసుకుంటే లెక్క తప్పుతుంది. అంచులు ముందే నలిగి ఉంటాయి.

ఒక్కో రంధ్రం మధ్య నుంచి గుండు వదిలి, అది ఊగడం ఆగాక కింద సుద్దతో కూడిక గుర్తు పెట్టాలి. పది గుర్తులూ అయ్యాక చక్రాలు బిగించి బండిని పక్కకు జరిపితే చాసీ బొమ్మ నేల మీద ఉంటుంది. ఇక టేపు పట్టుకోవడమే. రెండు జతలు కలిస్తే ఒక పెట్టె. ఆ పెట్టెకు రెండు మూలల కొలతలు తీయండి. తేడా 3 మి.మీ. లోపు ఉంటే ఆ పెట్టె బాగున్నట్టే. తర్వాత ప్రతి జతకూ మధ్య బిందువు గుర్తుపెట్టి, వెనకవైపు బాగున్న మూడు మధ్య బిందువుల మీదుగా దారం గుంజి ముందు దాకా తీసుకురండి. ముందు బిందువులు దారానికి ఎడమగా పడితే ముక్కు ఎడమకు వంగినట్టు. మధ్య బిందువులన్నీ దారం మీదే ఉండి మూలల కొలతల్లో తేడా వస్తే ఒక పట్టీ రెండోదానికన్నా వెనక్కి జరిగినట్టు. కుడి పట్టీ నిడివి ఎడమదానికన్నా తక్కువ వస్తే అది నొక్కుకుపోయినట్టు. మీ బండిలో ఇది దాదాపు ఖాయం. మెలిక పడిందా అన్నది నేల మీద తెలియదు. నీళ్ల పైపు రెండు చివరలనూ కుడి, ఎడమ పట్టీల మీద ఒకే రకం రంధ్రాల దగ్గర పట్టి ఎత్తు చూడాలి, వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు. పైపులో గాలి బుడగ ఉంటే కొలత తప్పు చూపిస్తుంది, ముందే తట్టి పోగొట్టండి.

దెబ్బ ఎక్కడ దాగుందో కళ్లతో కూడా వెతకాలి. ముందు చక్రం వెనక్కి వచ్చిందంటే కింది ఆర్మ్ (చక్రాన్ని చాసీకి కలిపే చేయి) బ్రాకెట్ ద్వారా ఆ బలం చాసీలోకి వెళ్లింది. బ్రాకెట్ వెల్డింగ్ అంచులో వెంట్రుకంత గీత, దాని వెంట ఎర్రటి తుప్పు చార ఉందేమో చూడండి. చక్రం వెనక పట్టీ పైకి లేచే వంపు దగ్గర రంగు పొలుసుగా రాలిందా, కింది అంచు అలల్లా ముడతపడిందా, బోల్టు రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా, ఇవన్నీ అక్కడే బయటపడతాయి. అనుమానం ఉన్న చోట డై పెనెట్రంట్ అనే పగుళ్లు చూపే రంగు కొట్టించండి. తెల్ల లోహం కనిపించేలా శుభ్రం చేసి, ఎర్ర రంగు స్ప్రే చేసి, పది నిమిషాలు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్రటి గీత పైకి తేలుతుంది. మూడు డబ్బాల సెట్టు వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది.

బండి ఎప్పుడైనా బాపట్ల, రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద తిరిగిందా? తిరిగితే చాసీ పెట్టె లోపల ఉప్పు పట్టి ఉంటుంది. చిన్న సుత్తితో వెనక నుంచి ముందు దాకా తడుతూ రండి. ఖణేల్‌మనే చోటు బాగున్నట్టు, మొద్దుగా పలికే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గుచ్చుకుందంటే ఆ చాసీని లాగించొద్దు. లాగితే వంపు దగ్గర కాకుండా తుప్పు దగ్గర చిరుగుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు జవాబు వస్తుంది. పట్టీ మెత్తగా వంగి ఉంటే లాగొచ్చు. కాగితం మడిచినట్టు మడత పడితే ఆ భాగం కోసి మార్చాలి. మడత ముందు ఆర్మ్ కన్నా ముందున్న కొసలో ఉంటే ఆ కొస మార్చడం మామూలు పనే. ఆర్మ్ బ్రాకెట్ల మధ్యగానీ, క్యాబిన్ కిందగానీ పడితే ముక్కలు అతికించకండి, చాసీ మొత్తం మార్చడమే. ఆ పని ఆర్టీఓ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. ఊరూపేరూ తెలియని పాత చాసీ తెచ్చుకుంటే దాని నంబరు మీ మెడకు చుట్టుకుంటుంది. మీ చాసీ నంబరు ఎక్కడ పడి ఉందో ముందే వెతికి, తుడిచి, ఫోటో తీసి ఉంచుకోండి. ఆ చోట గ్రైండర్ పెట్టకూడదు, వెల్డింగ్ పడకూడదు, లప్పం అంటకూడదు. ఫిట్‌నెస్‌లో నంబరు చదవడానికి రాకపోతే మిగతా పని ఎంత బాగా చేసినా బండి అక్కడే ఆగిపోతుంది.

లాగే పనికి వద్దాం. దెబ్బ ఏ వరుసలో లోపలికి వెళ్లిందో దానికి ఎదురు వరుసలో బయటికి తీయాలి, చివర వంగిందే ముందు లాగాలి. బండిని వెనకవైపు బాగున్న పట్టీల దగ్గర నాలుగు చోట్ల గొలుసులతో నేలకు బిగించి, పది టన్నుల హైడ్రాలిక్ ర్యామ్‌తో కొంచెం కొంచెంగా లాగాలి. ఒక్క గుంజుకు తీసుకురావాలని చూస్తే బాగున్న చోటు సాగుతుంది. కావలసినదానికన్నా రెండు మూడు మి.మీ. ఎక్కువ లాగి, అలాగే పట్టి ఉంచి, మడత చుట్టూ సుత్తితో తడుతూ ఐదు పది నిమిషాలు ఆగాలి. వదిలాక ఇనుము కొంత వెనక్కి పోతుంది. అప్పుడు మళ్లీ కొలత. ప్రతి లాగుడుకూ ఒక కొలత తప్పదు. లాగుతున్నప్పుడు గొలుసు మీద మందపాటి దుప్పటి కప్పించండి, గొలుసు వరసలో ఎవరినీ నిలబడనివ్వద్దు.

షెడ్డు వాళ్లు చెప్పిన ‘గ్యాస్‌తో వేడి’ నాకు నచ్చని మాట. వేడి చేయకుండా లాగడమే సరైన పద్ధతి. మొండి ముడత విడిపించడానికి వేడి తప్పకపోతే నీడలో చూసినప్పుడు మసక ఎరుపు కనపడేంత వరకే, చిన్న చోట, కొద్ది సేపు. అప్పటికే 600 డిగ్రీలు దాటి ఉంటుంది. నారింజ రంగుకు తెస్తే చాసీ ఇనుము తన బలం పోగొట్టుకుంటుంది. మళ్లీ రాదు. వేడి చేసిన చోట నీళ్లు పోస్తే పెళుసుబారుతుంది. తడిగుడ్డ వేసే అలవాటు ఉంటే ఆపించండి, దానంతట అదే చల్లారాలి.

వెల్డింగ్ మొదలయ్యే ముందు బ్యాటరీ రెండు తీగలూ తీసేసి, ఇంజిన్ కంప్యూటర్ సాకెట్లు ఊడదీయాలి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చోటికి జానెడు దూరంలోనే ఉండాలి. క్లాంపును వెనక ఎక్కడో తగిలిస్తే కరెంటు హబ్ బేరింగుల గుండా పోయి వాటి గుండ్ల మీద చుక్కలు పడతాయి. నెల తిరక్కుండానే చక్రం ఊళవేయడం మొదలవుతుంది.

పగులైతే దాని రెండు కొసల్లో 6 మి.మీ. రంధ్రాలు వేసి పాకకుండా ఆపి, గాడి తీసి, నిండుగా వెల్డింగ్ చేసి, అంచు సమంగా రుద్దాలి. పైన బలానికి ప్లేటు వేస్తే అది చాసీ పట్టీ మందమే ఉండాలి. మందపాటి ప్లేటు వేస్తే అక్కడ చాసీ బిగుసుకుపోయి, ప్లేటు ముగిసే చోట కొత్త పగులు పుడుతుంది. ప్లేటు కొసలు చేప తోకలా ఏటవాలుగా కోయించండి. పైనా కిందా ఉన్న అంచుల మీద అడ్డంగా వెల్డింగ్ గీత గీయకూడదు, బరువంతా లాగేది అక్కడే. కొస మార్చేటప్పుడు కూడా నిలువు కోత వద్దు, ఏటవాలు కోత. లోపల స్లీవ్ పెట్టి, రెండు మి.మీ. సందు వదిలి, అంగుళం అంగుళంగా అటు ఇటు మార్చుతూ వేయాలి. ఒకవైపే ఏకబిగిన వేస్తే వేడికి పట్టీ అటు లాక్కుపోతుంది, కష్టపడి తెచ్చిన 3 మి.మీ. పోతాయి.

రాడ్డుతో వేస్తే 7018 రకం, 2.5 మి.మీ. సైజు. అది చెమ్మ తాగే రాడ్డు. కృష్ణ ఒడ్డు చెమ్మ గాలిలో రెండు రోజులు తెరిచి ఉంచిన ప్యాకెట్‌తో వేస్తే వెల్డింగ్ పైకి బాగుండి లోపల సన్నటి పగుళ్లు పడతాయి. 300 డిగ్రీలు దాటే రాడ్ ఓవెన్‌లో గంటైనా కాల్చినవే వాడాలి. సీఓటూ వెల్డింగ్ అయితే ఈఆర్ 70ఎస్-6 వైరు. ఇక్కడ మన ఊరి ఇబ్బంది ఒకటుంది. ఎండాకాలం షెడ్డులో పెడెస్టల్ ఫ్యాను పెట్టుకోనిదే ఎవరూ నిలబడలేరు. ఆ గాలికి గ్యాసు చెదిరి వెల్డింగ్ నిండా తేనెపట్టులా రంధ్రాలు వస్తాయి. చాసీ వెల్డింగ్ పొద్దున్నే ఫ్యాను ఆపి చేయించండి.

ముందు సస్పెన్షన్, స్టీరింగ్ విషయంలో బేరం వద్దు. కుడివైపు నకిల్ (చక్రం హబ్‌ను పట్టి ఉంచే, స్టీరింగ్‌తో తిరిగే ముక్క), పై ఆర్మ్, కింది ఆర్మ్, టై రాడ్, హబ్ బేరింగ్ కొత్తవి వేయించండి. వీటిని కొలిమిలో పెట్టి సాపు చేసి ఇచ్చే చోట్లున్నాయి, చేయించుకోవద్దు. ఒకసారి వంగి సాపైన నకిల్ చెప్పకుండా విరుగుతుంది. స్టీరింగ్ ర్యాక్ విప్పి చూడాలి. ఒక చివర నుంచి మరో చివరకు చేత్తో తిప్పినప్పుడు ఎక్కడైనా బరువు మారితే లోపలి రాడ్డు వంగినట్టే. స్టీరింగ్ కాలమ్ కింది జాయింటు, ఢీకొన్నప్పుడు లోపలికి కుదించుకునే భాగం కూడా చూడండి. టార్షన్ బార్లు (ముందు స్ప్రింగుల పని చేసే మెలిక కడ్డీలు) తీసే ముందు యాంకర్ దగ్గర బారుకూ ఆర్మ్‌కూ కలిపి రంగు గీత గీయించండి, అడ్జస్టింగ్ బోల్టు ఎంత పొడవు బయటికి ఉందో కొలిచి రాయండి. కుడి బారు ఎడమకు వేయకూడదు, తయారీలోనే ఒక దిక్కుకు మెలిపెట్టి ఉంటాయి. ఆర్మ్ బుష్ బోల్టులు చక్రం గాల్లో ఉండగా గట్టిగా బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలిపడి కొన్ని నెలలకే చిరుగుతుంది. బండి నేల మీద తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు.

వెనకా చూడాలి. ముందు గట్టిగా గుద్దినప్పుడు వెనక యాక్సిల్ జడత్వంతో ముందుకు తన్నుతుంది, కమాను కట్ట సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ ఒకపక్క జరుగుతుంది. అలాంటి బండి ఎండ్రకాయలా ఏటవాలుగా పోతుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి కుడివైపు ముందు హబ్ నుంచి వెనక హబ్‌కు, ఎడమవైపు అలాగే కొలిస్తే తెలిసిపోతుంది. ఐదు మి.మీ. దాటి తేడా ఉంటే ఎక్కడో తప్పుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి చూద్దామని తొందరపడతారు. ముందు మౌంట్లు, ఫ్యాను రేడియేటర్‌కు తగిలిందా, వాటర్ పంపు బేరింగ్ ఆడుతోందా, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు గేర్‌బాక్సును కలిపే పెంకు), ముందు డిఫరెన్షియల్ చెవులు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) మౌంట్లు పగిలాయా చూసి, పానాతో క్రాంకును రెండు చుట్లు చేత్తో తిప్పాలి. ప్రొపెల్లర్ షాఫ్టులు తీసేటప్పుడు ఫ్లాంజికీ యోక్‌కూ గుర్తులు పెట్టాలి. బ్రేకు పైపు నలిగితే మధ్యలో కోసి రాగి గొట్టంతో అతికించడం ఒప్పుకోకండి, స్టీలు పైపు పూర్తి నిడివి వేయాలి. ఏసీ గ్యాసు పోయింది కాబట్టి కండెన్సర్‌తో పాటు డ్రయ్యర్ కూడా మార్చాలి.

సెకండ్ హ్యాండ్ పార్టులు తప్పవు. విజయవాడ పటమట ఆటోనగర్‌లో గానీ గుంటూరులో గానీ క్యాబిన్ డోర్లు, బానెట్, రేడియేటర్ సపోర్టు, డిఫరెన్షియల్ వెతుక్కోవచ్చు. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టూ మునిగిన బండ్ల పార్టులు కూడా చేతులు మారాయి. వైరింగ్ కొనే ముందు టేపు ఒకచోట విప్పి చూడండి. తీగల మధ్య పొడి బురద పొడిగా రాలినా, సాకెట్ పిన్నుల మీద పచ్చ బూజు ఉన్నా వదిలేయండి. డిఫరెన్షియల్ అయితే ప్లగ్గు విప్పి ఆయిల్ వేలితో తీసి చూడండి. పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చొరబడ్డాయి. స్టీరింగ్, బ్రేకు పార్టులు మాత్రం కొత్తవే.

క్యాబిన్ విషయం. డ్రైవర్ డోరు సగమే తెరుచుకుంటోందంటే ముందు పిల్లర్ (ముందు అద్దం పక్క స్తంభం) అయినా వంగి ఉండాలి, క్యాబిన్ మొత్తం చాసీ మీద జరిగి అయినా ఉండాలి. రెండూ వేరు. క్యాబిన్‌కూ వెనక తొట్టికీ మధ్య సందు కుడి ఎడమల కొలవండి. సందు సమంగా లేకపోతే మౌంటు రబ్బర్లు చిరిగి క్యాబిన్ జరిగింది, చాసీ సరయ్యాక బోల్టులు వదులు చేసి కూర్చోబెడితే డోరు దానంతటదే కుదరొచ్చు. అందుకే చాసీ కాకముందు పిల్లర్‌ను లాగనివ్వకండి. కొత్త మడ్‌గార్డు, బానెట్, డోరు తాత్కాలికంగా బిగించి సందులు చూసుకుని, తర్వాత విప్పి రంగుకు పంపాలి.

రంగులో మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు లప్పానికి నీళ్లు తగిలించడం. లప్పం స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది. దాన్ని తడి కాగితంతో రుద్ది ఆ సాయంత్రమే ప్రైమర్ కొడితే, వచ్చే వానాకాలానికి రంగు కింద పొక్కులు లేస్తాయి. తెల్ల రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద లప్పం, రెండు మూడు మి.మీ. మించకుండా. 80, 180, 320 నంబరు గరుకు కాగితాలతో పొడిగానే రుద్దాలి. తర్వాత హార్డెనర్ కలిపే టూకే ప్రైమర్ నిండుగా పడి ఆరాక మాత్రమే తడి రుద్దుడు. మే నెలలో కొట్టిస్తే స్లో థిన్నర్ అడగండి. మామూలుది అయితే రంగు చుక్కలు రేకును చేరేలోపే ఆరి నారింజ తొక్కలా గరుకుబారుతుంది. రంగు అయ్యాక ఎర్త్ తీగలు బిగించే చోట రంగు గీకి ఇనుము తేలాలి, లేకపోతే హెడ్‌లైట్లు మసకబారి సెన్సర్ల లైట్లు వెలుగుతూ ఉంటాయి. వెల్డింగ్ చేసిన చాసీ పెట్టె లోపలికి తుప్పు పట్టకుండా క్యావిటీ వ్యాక్స్ కొట్టించడం మరవకండి.

బంపరు ముందు పాత క్రాష్ గార్డు (ఇనుప కమ్మీ) ఉండి ఉంటే తిరిగి వేయించకండి. 2017 డిసెంబరులో కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. పైగా గార్డును చాసీ కొసలకు బిగిస్తారు కాబట్టి దెబ్బ నేరుగా చాసీకే చేరుతుంది.

చివరి పరీక్ష అలైన్‌మెంట్ మెషిన్ మీద. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కొలత) ఒక్కటే సరిచేసి ప్రింటు ఇస్తే ఒప్పుకోకండి. క్యాంబర్ (చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం), కింగ్‌పిన్ కోణం (అదే ఇరుసు లోపలికి వాలిన కోణం) రెండువైపులా అడగండి. కింగ్‌పిన్ కోణంలో కుడి ఎడమలకు ఒక డిగ్రీ దాటి తేడా ఉంటే ఏదో వంగే ఉంది. అలా తేడా ఉంటే క్యాంబర్, కింగ్‌పిన్ కోణం కూడి చూడండి. ఆ మొత్తం రెండువైపులా ఒకటే అయితే నకిల్ బాగుంది, చాసీ ఇంకా సరిగా రాలేదు. మొత్తమే తేడా వస్తే నకిల్ వంగింది. ‘అడ్జస్ట్‌మెంట్ అయిపోయింది, ఇంతకన్నా రాదు’ అన్నారంటే బండి మళ్లీ చాసీ షెడ్డుకు పోవాలి. డబ్బు మొత్తం ఇచ్చేముందు ఈ ప్రింటు చేతిలో ఉండేలా మొదట్లోనే మాట్లాడుకోండి.

నేల మీద సుద్ద కొలతలు, ప్రతి లాగుడు తర్వాతి కొలత, అలైన్‌మెంట్ ప్రింటు ఒక ఫైల్లో పెట్టుకోండి. వంద కిలోమీటర్లకు చక్రాల నట్లు, ఐదొందలకు యు బోల్టులు, ఆర్మ్ బోల్టులు, క్యాబిన్ మౌంట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. అప్పుడే బండి కిందికి దూరి, వెల్డింగ్ చేసిన ప్లేటు కొసల దగ్గర రంగులో గీత పడిందేమో టార్చి వేసి చూడండి.